నిలువ నీడా, నిచ్చెన మెట్లూ

సామాజిక విధానంలో ఎమ్మే చేసి, నిరాశ్రయులకు వసతిగృహాలు నడిపే ఒక సంస్థలో చేరబోతున్న అమ్మాయి నన్నో మాట అడిగింది. "ఇల్లు లేనివాళ్ల కష్టం మీద నేను కెరీర్ కట్టుకోవడం తప్పు కాదా మేడమ్?" తెలుగు కథల్లో ఆడవాళ్లకీ ఇంటికీ ఉన్న సంబంధం మీద నేను పరిశోధన చేశాను కాబట్టి నన్నడిగింది. ప్రశ్న నిజాయితీగలదే. కానీ అందులో ఒక పాత ఉచ్చు ఉంది.

డాక్టరు రోగాల మీద బతుకుతున్నాడని ఎవరూ అనరు. లాయరు తగాదాల మీద ఇల్లు కట్టుకున్నా తప్పు పట్టరు. ఆకలి దగ్గర, నీడ లేనితనం దగ్గర పనిచేసే మనిషి, అందులోనూ ఆడమనిషి, జీతం అడిగితే మాత్రం "సేవకు వెల కడతావా?" అంటారు. ఇంటి చాకిరీకి త్యాగమని పేరుపెట్టి కూలి ఎగ్గొట్టిన నోరే ఇదీ అంటోంది. అందుకే జీతం తీసుకోవచ్చా అన్నది నాకు అసలు ప్రశ్నగా తోచదు. ఆ జీతం పెరిగే కొద్దీ మనం ఎవరికి దూరమవుతున్నాం? నన్ను వేధించేది ఇది.

అసలీ ఉద్యోగాలు ఎలా పుట్టాయో చూడండి. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర ఒక రాత్రి వసతిని మున్సిపల్ కార్పొరేషన్ కూల్చేసింది. ఆహార హక్కు కేసు వింటున్న సుప్రీంకోర్టు ముందుకు ఆ సంగతి వచ్చింది. 2010లో వసతిగృహాలు ఏర్పాటు చేయమని కోర్టు ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, పట్టణాల్లో లక్ష జనాభాకి కనీసం 100 మందికి వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని లెక్క కట్టింది. చాలాచోట్ల నడిపే బాధ్యత స్వచ్ఛంద సంస్థలకిచ్చారు. మేనేజర్లు, కోఆర్డినేటర్లు, ప్రాజెక్టు ఆఫీసర్లు అలా వచ్చారు. ఇది హక్కు కోసం కొట్లాడగా పుట్టిన కొలువు. దయాధర్మాల భాష దీనికి నప్పదు.

ఆ హక్కు ఆడవాళ్ల దాకా వచ్చిందా? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.73 లక్షలు. ఫిబ్రవరి 28 రాత్రి ఆరుబయట కనిపించినవాళ్లని లెక్కపెట్టారు. మొగుడు గెంటేస్తే అన్నగారి వరండాలో పడుకున్న చెల్లెలు అందులో ఉండదు. ఆమె తల మీద కప్పుంది మరి! బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు తెల్లవార్లూ కూర్చున్న ఆమె ఎవరి కంట పడుతుంది? కంటపడకపోవడమే ఆమెకు రక్షణ. 'ఇల్లాలు' అన్న మాటలోనే ఇల్లుంది. ఆ ఇల్లు పోయిన ఆడదానికి మన భాషలో గౌరవంగా పిలిచే మాటే కరువు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుందని 2005 గృహహింస చట్టం చెప్పింది. సరే, ఆ హక్కు చేతికందేలోగా ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నేను వెళ్లిన ఒక మహిళా వసతిగృహంలో రిజిస్టరులో 'భర్త పేరు' అని ఒక గడి ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న కేర్‌టేకర్ కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది. "ముందు తిని పడుకోనీయండమ్మా, పేర్లెక్కడికి పోతాయి?" అంటుంది. ఇంతకన్నా మంచి సామాజిక విధానం ఏ సిలబస్‌లో ఉంది? కానీ పదేళ్లు పనిచేసినా ఆమె కేర్‌టేకరే. డిగ్రీతో వచ్చినవాళ్లు రెండేళ్లు పక్కల మధ్య తిరిగి, ఆ తర్వాత ఆఫీసుకి, అక్కణ్ణుంచి రాజధానికి, చివరికి సదస్సులకి వెళతారు. ఒక్కో మెట్టూ చాప నుంచి ఒక్కో ఆమడ దూరం. కేర్‌టేకర్ చెప్పిన మాటలు వాళ్ల నివేదికల్లో 'క్షేత్రానుభవం' అవుతాయి. ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇంకో చిక్కుంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామిక సదస్సు ముందు హైదరాబాదులో భిక్షాటన నిషేధించి, రోడ్డు మీది మనుషుల్ని చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. కాగితం మీద అదీ వసతి కల్పనే. మనుషుల్ని ఆదుకోవడానికీ, అతిథుల కళ్లబడకుండా ఊడ్చేయడానికీ ఒకే వ్యాను వస్తుంది. ఆ వ్యానులో కూర్చున్న ఉద్యోగి ఎవరికి జవాబుదారీ? జీతమిచ్చే సంస్థకా, నిధులిచ్చే ప్రభుత్వానికా, వ్యాను ఎక్కనని మొండికేస్తున్న ముసలమ్మకా? నీతి పరీక్ష అక్కడుంది. ముసలమ్మ 'రాను' అంటే ఆ మాటని మాటగా రాసుకోగలగాలి.

చదువుకున్న ఆడపిల్లలు ఈ పనిలోకి రావాలి. జీతం అడగాలి, పెంచమనీ అడగాలి. అయితే తాము రాసే ప్రతి ప్రతిపాదనలో కేర్‌టేకర్ జీతం పెంపు కూడా రాయాలి. ఆమె మేనేజరు కావడానికి అడ్డొచ్చే డిగ్రీ నిబంధనని ప్రశ్నించాలి. ఒకప్పుడు అక్కడ తలదాచుకున్న స్త్రీలు ఆ వసతిగృహం కమిటీలో కూర్చుని, 'భర్త పేరు' గడి కొట్టేయమని తీర్మానం చేయగలగాలి. అప్పుడే ఆ నిచ్చెన అందరిదీ అవుతుంది.