బోర్డుల వెనక ఊరు

హైదరాబాదులో గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ వైపు నడిచేటప్పుడు మన చూపంతా ముందు పోయే ఆటో మీదే ఉంటుంది. చుట్టూ నాలుగు కమాన్లున్నాయని ఎంతమందికి తడుతుంది? కాలీ కమాన్, మచిలీ కమాన్ పేర్లు కూడా ఆ బస్తీవాళ్లకే బాగా తెలుసు. పాత నలుపు తెలుపు ఫోటోల్లో మాత్రం కరెంటు తీగలు, దుకాణాల బోర్డులు అడ్డురావు. కమాను నిండుగా కనబడుతుంది.

ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు చూడండి. దర్బార్లు, దేవిడీలు, వేటలు బోలెడు. గల్లీలో బతికిన సామాన్యుడే తక్కువ. ఆ లోటు గుర్తుంచుకునే వాటిని చూడాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది పోయారు. ఆనాటి ఫోటోల్లో కూలిన ఇళ్లు, తెగిన వంతెనలు కనిపిస్తాయి. సుమారు 150 మందిని కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. పక్కనుంచే రోగులు, బంధువులు హడావుడిగా వెళ్తుంటారు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్ జలాశయం తయారైంది, ఊరి రూపమే మారింది.

ఈ ఆదివారం దుకాణాలు తెరవకముందే చార్మినార్ దగ్గరి పత్థర్‌గట్టీకి వెళ్లండి. ఫోన్లో ఒక పాత ఫోటో పెట్టుకోండి. దాన్ని ఏ మూల నిలబడి తీశారో పోల్చుకోవడానికే పొద్దెక్కుతుంది.