కొనుక్కున్న భయం

హాలోవీన్ అనగానే మా హైదరాబాద్ ఆఫీసులో గుమ్మడికాయలు వేలాడతాయి. ఆ రాత్రి లైట్లార్పేసి ఏటా రెండు సినిమాలు చూస్తాను: రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), సాయికిరణ్ ‘మసూద’ (2022).

ఈసారి గోదావరిఖని నుంచి వచ్చిన బాపు అడిగాడు: "పైసలు పెట్టి భయపడుడేందిరా?"

జవాబు తోచలేదు. బాపు బాయి పని చేసినోడు. 2003 జూన్‌లో జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాతా బాపు నైట్ షిఫ్టుకు వెళ్తూనే ఉన్నాడు. పొద్దున ఆయన సైకిల్ చప్పుడు వినబడేదాకా అమ్మకు నిద్ర లేదు. అలాంటి ఇంట్లో పుట్టి భయాన్ని వినోదంగా చూడటం తప్పా?

సినిమా భయాన్ని రిమోట్‌తో ఆపొచ్చు. ఆ సుఖం నాకు సంపాదించి పెట్టింది, ఆపడానికి వీల్లేని భయంలోకి రోజూ దిగిన బాపే. అది మర్చిపోయి చూస్తే తప్పేనేమో.

‘మసూద’లో పక్కింటి గోపీ పిరికివాడు. వణుకుతూనే ఆ తల్లీకూతుళ్ల కోసం ముందుకెళ్తాడు. పక్కన కూర్చుని చూస్తున్న బాపు మెల్లగా అన్నాడు: "మేమూ గట్లనే దిగేటోళ్లం."

ఆయనకూ భయముండేదని నాకు తెలిసింది ఆ రాత్రే.