నాటని మొక్కలు



డిసెంబరు నెలలో అరకు కొండలమీద కాఫీ పండ్లు ఎర్రబడతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పండ్లు కోసే సందడిలో ఊరంతా మునిగి ఉంటే, ఒక పెద్దాయన మాత్రం అరుగుమీద ఒంటరిగా కూర్చుని కనిపించారు. పలకరించాను.

"ఇరవై ఏళ్ల క్రితం మాకూ మొక్కలిస్తామన్నారు ఫాదరుగారూ. వద్దన్నాను. ఈరోజు నా పిల్లలు పక్కవాడి తోటలో కూలికి పోతున్నారు" అన్నారు.

కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకుగాని కాపుకు రాదు. పోడు కొట్టి సామలు, చోళ్లు చల్లితే ఆ ఏడే గింజలు ఇంటికి వస్తాయి. ఆనాడు ఆయన ఇంట్లో ఆకలితో ఉన్న పిల్లలున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు? ఈనాటి తెలివిని న్యాయపీఠం మీద కూర్చోబెట్టి, ఆనాటి మనిషిని బోనులో నిలబెట్టడం న్యాయమేనా?

మనిషిని కొద్దికాలం బాధించేది చేసిన పని, చాలాకాలం బాధించేది చేయకుండా వదిలేసిన పని అని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు గిలోవిచ్, మెడ్వెక్ 1990వ దశకంలో గమనించారు. ఇందులో ఆశ్చర్యమేముంది? నాటిన తోటకు తెగులు వస్తుంది, ధర పడిపోతుంది. నాటని తోట మన ఊహలో ఏటా విరగకాస్తూనే ఉంటుంది.

ఈ మాటలే ఆ పెద్దాయనకు నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన ఓపికగా విని తల అడ్డంగా ఊపారు.

"అది కాదు ఫాదరుగారూ. నేను వద్దన్నా మా తమ్ముడు నాటాడు. నా మాట కాదన్నాడన్న కోపంతో ఒక రాత్రి వాడి మొక్కలన్నీ పీకేశాను. ఎవరు పీకారో వాడికి ఇప్పటికీ తెలియదు. వాడు మళ్లీ నాటలేదు."

తొందరపడి ఓదార్చానని అప్పుడు గ్రహించాను. విచారాలన్నీ ఒకటి కావు. తెలియక చేసిన పొరపాటు ఒకటి, తెలిసి చేసిన అన్యాయం మరొకటి. మొదటిదానికి కావలసింది మనమీద మనకు కాస్త దయ. రెండవదానికి అది చాలదు. "అప్పటి పరిస్థితులు అలాంటివి" అని సర్దిచెప్పుకోవడం పుండును కడగకుండా కట్టు కట్టడమే. మనం తరచు ఈ రెండింటినీ తారుమారు చేస్తాం. పొరపాటుకు జీవితాంతం కుమిలిపోతాం. అన్యాయానికి సాకులు వెతుక్కుంటాం.

జరిగినదాన్ని జరగనట్టు చేయడం దేవుని సర్వశక్తికి సైతం చెందిన విషయం కాదని 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు వ్రాశారు. గతం మారదు. దానితో మన సంబంధం మాత్రం మారగలదు. పేతురు, యూదా ఇద్దరూ తాము చేసినదానికి దుఃఖించినవారే. యూదా ఆ దుఃఖంతో చివరకు ఒంటరివాడయ్యాడు. పేతురు దాన్ని మోసుకుంటూనే సహోదరుల మధ్య నిలిచాడు, ప్రభువు ఎదుటికి వచ్చాడు.

"తమ్ముడి ఇల్లు ఎంత దూరం?" అని అడిగాను.

"ఆ గెడ్డ దాటితే."

ఈ సంగతి వ్రాయడానికి అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు. అంతకు మించి చెప్పనవసరం లేదు.

ఈ వారం మిమ్మల్ని కలచివేసే గతాన్ని ఒకసారి ఎదుట పెట్టుకొని చూడండి. అది పొరపాటా, అన్యాయమా? పొరపాటైతే ఆనాటి మిమ్మల్ని క్షమించి విడిచిపెట్టండి. అన్యాయమైతే లేచి గెడ్డ దాటండి.