సీసా మార్చకు, నిమిషాలు మార్చు

అమ్మడూ,

నువ్వు పంపిన మూడు రీళ్ల నెగెటివ్‌లూ నిన్న పొద్దున కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాను. మూడింట్లోనూ మీ అమ్మమ్మే. అరుగు మీద సగం ఎండలో, సగం వసారా నీడలో కూర్చుని ఉంది. మొదటి రీలులో ఆవిడ తెల్లచీర తారు పూసినట్టు నల్లగా గడ్డకట్టింది, ఒక్క మడత కూడా కనపడదు. రెండోది ఉప్పు వేయని పప్పులా చప్పగా ఉంది. మూడోది బాగుంది గానీ, ఎందుకు బాగుందో నీకే తెలియదు. “మామయ్యా, డెవలపర్‌లో నీళ్లు ఎన్ని పాళ్లు కలపాలి? ఎన్ని నిమిషాలు ఉంచాలి?” అని అడిగావు. మూడు రీళ్లకు మూడు డెవలపర్లు, మూడు పాళ్లు, మూడు టైములు వాడావు. ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఇప్పుడు ఎలా తేలుతుంది తల్లీ?

ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్ రోజుల నుంచి కడుగుతున్న చేత్తో చెబుతున్నాను. ఒకే ఫిల్మ్, ఒకే డెవలపర్, ఒకే పాళ్లు పట్టుకో. పది రీళ్ల దాకా వదలకు. నీ దగ్గర హెచ్‌పీ5 ప్లస్ ఉంది, ఐడీ-11 ఉంది. అవి చాలు. ఐడీ-11 అంటే దాదాపు కొడాక్ డీ-76 లాంటిదే. ఆ డీ-76ను 1920లలో సినిమా ఫిల్మ్ కోసం తయారు చేశారు. ఇన్నేళ్లుగా ఇంతమంది నమ్మిన డెవలపర్‌ని నువ్వు రెండో రీలుకే అనుమానించకు.

ట్యాంకులో ఏం జరుగుతుందో ఒకసారి మనసులో చూసుకో. నీడ పడిన చోట ఫిల్మ్‌కి తగిలిన వెలుగు కొంచెమే, కాబట్టి అక్కడ పని చాలావరకు తొందరగా ముగుస్తుంది. ఎండ పడిన చోట మాత్రం నువ్వు ఉంచినంతసేపూ వెండి పేరుకుంటూనే ఉంటుంది. అందుకే అమ్మమ్మ ముఖం మీది నీడను కెమెరాలోనే పట్టుకోవాలి, చీర మడతలను ట్యాంకులో కాపాడుకోవాలి. నీడలో ఏమీ పడలేదంటే ఎన్ని నిమిషాలు ఉంచినా రాదు. ఆ ఫిల్మ్‌నే ఐఎస్ఓ 400 బదులు 200 అనుకుని వెలుగు కొలిచి తీయి.

ఇక నీళ్ల సంగతి. డెవలపర్‌ని పలచన చేస్తే, ఎండ పడిన చోట పని ఎక్కువ కాబట్టి అక్కడ చేరిన డెవలపర్ తొందరగా నీరసిస్తుంది. నీడలో పని తక్కువ కాబట్టి అక్కడ ఇంకా నడుస్తూ ఉంటుంది. చీర నెమ్మదిస్తుంది, ముఖం అందుకుంటుంది. 1+1లో, అంటే డెవలపర్ ఎంతో నీళ్లూ అంతే కలిపితే, ఇది కొద్దిగా కనిపిస్తుంది; 1+3లో, అంటే నీళ్లు మూడింతలు కలిపితే, బాగా కనిపిస్తుంది. ఇంకొకటి, డీ-76 లీటరులో 100 గ్రాముల సల్ఫైట్ ఉంటుంది. అది గ్రెయిన్ అంచులను కాస్త కరిగించి నునుపు చేస్తుంది. నీళ్లు కలిపితే ఆ కరిగించడం తగ్గి, గ్రెయిన్ ఒక పిసరు కనపడుతుంది గానీ అంచులు పదునుగా వస్తాయి. అమ్మమ్మ ముఖంలోని ముడతలకు ఆ పదును అందమే.

నువ్వు పట్టుకోవాల్సిన పాళ్లు 1+1. అలా చెప్పడానికి అసలు కారణం మాత్రం మన ఎండలు. హెచ్‌పీ5కి నీళ్లు కలపని ఐడీ-11లో 20 డిగ్రీల దగ్గర 7½ నిమిషాలు, 1+1లో 13 నిమిషాలు. మనింట్లో 20 డిగ్రీల నీళ్లు ఎక్కడివి? 24 దగ్గర కడిగితే మొదటిది 5 నిమిషాల చిల్లరకు దిగిపోతుంది, 1+1 అయితే ఇంకా 9 నిమిషాలు ఉంటుంది. పోయడంలో, పారబోయడంలో పావు నిమిషం అటూఇటూ అయినా 9 నిమిషాల్లో అది పెద్ద తేడా కాదు. 5 నిమిషాల లోపుకి దిగితే మాత్రం ఆ పావు నిమిషమే ఫిల్మ్ మీద మచ్చలుగా, చారలుగా తేలుతుంది.

మే నెలలో ఒక పెళ్లి ఫిల్మ్ కడుగుతూ తొందరలో నేను థర్మామీటర్ ముంచలేదు. కుళాయి నీళ్లు 30 దాటి ఉన్నాయి. చలికాలంలో ఉంచినంతసేపే ఉంచాను. మధుపర్కాల ఎర్రంచు వచ్చింది గానీ, తెల్లబట్ట ముద్దయిపోయింది. పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్ తిరగేసి, ఏమీ అనకుండా మూసి పెట్టాడు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. అందుకే చెబుతున్నా, గడియారం చూసే ముందు థర్మామీటర్ చూడు. ఐసు ముక్కలు డెవలపర్‌లో వేయకు. బకెట్ నీళ్లలో వేసి, అందులో సీసాలు నిలబెట్టు. హైపో (ఫిక్సర్), కడిగే నీళ్లు కూడా డెవలపర్‌కి ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండనీ.

నీ ట్యాంకులో 300 మి.లీ. పడుతుంది. 150 డెవలపర్, 150 నీళ్లు పోసుకో. నీళ్లు బోరువి వద్దు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. ఎప్పుడైనా 1+3 చేయాలనిపిస్తే డెవలపర్ 75 మి.లీ.యే పడుతుంది, ఒక రీలుకి అది చాలదు. అప్పుడు పెద్ద ట్యాంకు తీసుకుని, ఒక్క రీలే వేసి 600 పోయాలి. నీళ్లు కలిపింది ఒక్కసారికే, కక్కుర్తిపడి దాచకు. మొదట 10 సెకన్లలో నాలుగుసార్లు బోర్లించు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగు. ప్రతిసారీ ట్యాంకుని బల్ల మీద ఒకసారి తట్టు, బుడగలు వదులుతాయి. ఒక రీలుకి నెమ్మదిగా, ఇంకో రీలుకి మజ్జిగ చిలికినట్టు తిప్పితే నిమిషాల లెక్కకు అర్థం ఉండదు.

ఆరిన నెగెటివ్‌ని దినపత్రిక మీద పరుచు. చీర పడిన చోట, అన్నిటికన్నా నల్లగా ఉన్న భాగంలోంచి అక్షరాలు లీలగా కనపడాలి. అసలు కనపడకపోతే వచ్చే రీలుకి టైము పదో వంతు తగ్గించు. మరీ తేటగా కనపడితే పదో వంతు పెంచు. పాళ్లు ముట్టుకోకు, తిప్పే తీరు ముట్టుకోకు. తేదీ, డిగ్రీలు, నిమిషాలు, ఆ రోజు ఎండా మబ్బా, ఇవన్నీ నోటుబుక్కులో రాసిపెట్టు. ఎవరో అచ్చువేసిన పట్టిక నీకు మొదటి మెట్టు మాత్రమే. ఆపైన నీ నీళ్లు, నీ చేయి, నీ థర్మామీటర్ కలిసి చెప్పేదే నీ టైము.

వచ్చే ఆదివారం అమ్మమ్మ మళ్లీ అదే అరుగు మీద, అదే వేళకి కూర్చుంటుంది, నేను అడిగి పెట్టాను. తొందరపడకుండా తీయి. చీర మడతల్లో నేత, నీడలో ఆవిడ కళ్లు, రెండూ ఒకే నెగెటివ్‌లో వచ్చిన రోజున మొదటి ప్రింట్ నాకు పంపు. ఆవిడ చేతుల్లో పెరిగినవాణ్ణి, అది నా గదిలో పెట్టుకుంటాను.

మీ మామయ్య