దేవహూతి ప్రశ్న

ఓరుగల్లు చుట్టుపట్ల పల్లెలలో నలుబది యేండ్లు నిండకమునుపే గర్భసంచి తీయించుకొన్న స్త్రీ లేని వాడ అరుదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగా, తెలంగాణములో 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. అనవసరముగా జరుగుచున్న యిట్టి శస్త్రచికిత్సలను అరికట్టుటకై కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపఱుపవలెనని 2023 ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశింపవలసి వచ్చినది. కొందఱికి గర్భసంచి తీయక తప్పదు. క్యాన్సరు సోకినవారికి, ఏ మందునకు లొంగని రక్తస్రావముతో పాలిపోయినవారికి అది ప్రాణదానమే. అయితే తెల్లబట్ట అనియో నడుమునొప్పి అనియో వైద్యమునకు పోయిన కూలి స్త్రీతో, “పిల్లలైరి గద, ఇంక ఆ సంచితోటి ఏం పని?” అని చుట్టములు మొదలు చికిత్స చేయువారి దాక అలవోకగా అనుచున్న ఆ మాట నన్ను చిరకాలముగా బాధించుచున్నది. పని తీరిన పనిముట్టును మూలకు వేసినట్లు దేహమునందలి యొక భాగమును తీసివేయవచ్చునను తలంపు, ఆ దేహము గల మనిషిని గూడ పనినిబట్టియే వెలకట్టు తలంపునకు తోబుట్టువు.

తీసివేసిన పిమ్మట ఏమగునో ఆమెకు ముందుగా చెప్పువారు తక్కువ. అండాశయములనుకూడ తీసినచో, సహజముగా కొన్ని యేండ్లపాటు ఒడిదుడుకులతో తగ్గవలసిన ఈస్ట్రోజెన్ కొలది దినములలోనే పడిపోవును. వానిని నిలిపి గర్భసంచిని మాత్రమే తీసినవారికిని ముట్లుడుగు దశ కొంత ముందుగా వచ్చుట కలదు. మెదడులో దేహోష్ణమును కనిపెట్టియుండు హైపోథాలమస్, ఆ హార్మోను అండ తప్పగానే, స్వల్పమైన వేడిమికే బెదరి, చర్మమునకు రక్తమును తఱిమి, చెమటను వెడలించును. నిదుర చెదరును, కీళ్లు నొచ్చును, మూత్రమున మంట పుట్టును, కారణము తోచని దుఃఖమో కోపమో కమ్ముకొనును. పైకి కానరాకుండ ఎముకలు డొల్లవారుచుండును. నాకు తెలిసిన యొక యిల్లాలు, నర్సంపేట దిక్కు మిరపకల్లములలో తొడిమలు తీయు కూలికి పోవునామె, పుష్యమాసపు చలిలో సైతము నడిరేయి లేచి, తడిసిన రవికెను మార్చుకొని, దుప్పటి విడిచి వట్టి గచ్చుమీద వీపు ఆనించి పండుకొనును. “లోపట పొయ్యి రాజేసినట్టయితది అక్కా, మెడకెల్లి లేశి నెత్తికెక్కుతది” అని ఆమె తన పొరుగామెతో చెప్పుచుండగా, ఆ యింటి పెద్దాయన, భక్తిపరుడు, మంచివాడు, మాట కలిపి “దేహం మనది కాదు బిడ్డా, ఆత్మకేం రోగం? రామ రామ అనుకో” అనెను. ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని ఊరకుండెను.

ఆయన పలికినది అసత్యము కాదు. ఉపనిషత్తులు మొదలుకొని మన పల్లెల తత్త్వములు పాడుకొను బైరాగుల వఱకు అందఱును చెప్పినది అదే. మఱి అసత్యము కాని ఆ వాక్యము ఆ వేళ ఆమె చెవిని పడి గాయమైనదేల? దేహము నేను కాదను మాటను ఎవరు, ఎవరికి, ఏ వేళ చెప్పవచ్చును?

ఈ ప్రశ్నకు సమాధానమును నేను ఈ జిల్లా మట్టిలోనే వెదకికొంటిని. మొన్నమొన్నటి వఱకు వరంగల్లు జిల్లాలోనుండి నేడు జనగామ జిల్లాలో చేరిన బమ్మెర, పోతన యూరని మనము గర్వింతుము. ఆయన తెనిగించిన భాగవత తృతీయస్కంధమున కర్దమ దేవహూతుల కథ యున్నది. మనువు కూతురైన దేవహూతి తపస్వియగు భర్తకు ఏండ్లతరబడి సేవచేసి, చేసి, కృశించిపోయినది. ఆమె ఎండిన మేనిని చూచి కర్దముడు దేహమసత్యమని బోధింపలేదు. అంతటి యోగి, అట్టి బోధకు సర్వాధికారము కలవాడు, ముందుగా జాలిపడెను. బిందుసరస్సున ఆమెను స్నానమాడింపజేసి, ఆమె పూర్వపు కాంతిని ఆమెకు తిరిగి కలుగజేసెను. తొమ్మండుగురు కొమార్తెలు, వారి తరువాత కపిలుడు పుట్టి, భర్త వనములకు వెడలిన మీదట, సంసారభారమంతయు దించుకొన్న ఆ తల్లి తనంతట తానుగా కొడుకునొద్దకు పోయి, ప్రకృతియేది పురుషుడెవ్వడు, నాకీ మోహము తొలగు తెరవేది అని అడిగినది. కపిలుని సాంఖ్యబోధ అడిగిన పిమ్మటనే మొదలైనది. ఈ కథను భక్తిజ్ఞానముల కొఱకు చదువువారు స్నానఘట్టమును శృంగారవర్ణనమని దాటిపోవుచుందురు గాని, నా దృష్టికి ఆ వరుసయే ప్రాణము. ముందు మేనికి ఊరట. ఆ తరువాత, అదియును అడిగినచో, తత్త్వము. మన యిండ్లలో ఈ వరుస తలక్రిందులైనది. సేవచేసి కృశించిన స్త్రీకి స్నానము లేదు, సరస్సు లేదు. అడుగని వేదాంతము మాత్రము కావలసినంత.

తితిక్ష మాటయేమని కొందఱడుగుదురు. ప్రతీకారము వెదకక, చింతింపక, విలపింపక దుఃఖములను సహించుటయే తితిక్షయని శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి నిర్వచించుట నిజమే. అయితే అది సర్వమును తానై విడిచి గురువునాశ్రయించిన సాధకునికి చెప్పిన లక్షణము. ఎంచుకొననిదానిని ఓర్చుమనుట తితిక్ష కాదు, నోరు మూయించుట. గీతలో శీతోష్ణములను సహింపుమని కృష్ణుడన్నది విల్లు జాఱవిడిచి కూలబడిన అర్జునుని లేపి కర్తవ్యమునకు పంపుటకే గదా! లేచుటకు తోడ్పడు ఓర్పు వేఱు, చికిత్సకు పోనీయక కూర్చుండబెట్టు ఓర్పు వేఱు.

ఇంతకంటె చిక్కైన మాట మఱొకటి కలదు. ఆ యిల్లాండ్రలోనే కొందఱు “ఇగ ముట్టు బాధ లేదు, ఎప్పుడంటే అప్పుడు గుడికి పోవచ్చు” అని ఊరట చెందుచుందురు. ఈ ఊరటను నేను తేలికగా చూడజాలను. నెలకు మూడునాళ్లు వంటయింటికి, దేవునిగదికి దూరమై మెలగినవారికి అది నిజమైన విడుదలయే. కాని అమ్మవారిని జగజ్జననియని కొలుచుచు, ఆ జననీత్వమునకు ఆధారమైన దేహధర్మమును మైలయనుట మన ఆచారమున మానని పుండు. ఆ మైల భయము గూడ ఒక స్త్రీని శస్త్రచికిత్స బల్లమీదికి చేర్చుచున్నచో, ఆ నెత్తుటిలో మన మడికిని పాలున్నది. దేవుని దర్శనమునకై అవయవము నిచ్చుకొనవలసిన అగత్యము ఏ దేవత పెట్టినది?

ఇక మేనికి ఊరట సంగతి. గర్భసంచి లేని స్త్రీకి మందుగా సాధారణముగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును. ప్రొజెస్టెరాన్ జతచేయుట గర్భాశయపు లోపొరను కాపాడుటకు. ముట్లుడుగు యీడు రాకమునుపే అండాశయములు పోయినవారు, రొమ్ముక్యాన్సరు, రక్తపు గడ్డలవంటి అడ్డంకులు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వచ్చువఱకు దానిని వాడుకొనుట మేలని వైద్యుల సాధారణాభిప్రాయము. హార్మోనులనగానే పుట్టు భయము చాలవఱకు 2002లో అమెరికాలో నడుమ ఆపివేసిన యొక పెద్ద ప్రయోగమునుండి వచ్చినది. అది గర్భసంచి యున్న, సగటున 63 ఏండ్ల స్త్రీలకు రెండు హార్మోనులను కలిపి యిచ్చి చూచినది. ముప్పదియైదేండ్లకే అండాశయములు పోయినామెకు దాని భయమును అంటగట్టరాదు. హార్మోను పడనివారికి వేఱు మందులు కలవు. తైదంబలి, నువ్వులు, ఎండ, నడక, బరువెత్తు శ్రమ ఎముకలకు మేలుచేయును. ఆపరేషను నాడిచ్చిన చీటీలో అండాశయములను తీసిరో ఉంచిరో చూపించుకొని, ఆ కాగితమును పదిలపఱచుకొని వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికో మఱొక చోటికో పోయి అడుగుట ఆమె హక్కు. వెంట పోవుట ఇంటివారి ధర్మము.

మందు దొరకినను, ఓరుగల్లు భద్రకాళి గుడిలో శరన్నవరాత్రులు వచ్చినపుడు తొమ్మిది దినములు ఉపవాసముండి, నీటిని, మాత్రలను సైతము మానివేయు స్త్రీలు కలరు. నీరు, పాలు, పండ్లు, ఔషధము వ్రతమును చెఱుపవని మన ధర్మగ్రంథములే చెప్పుచున్నవి. ఈ సంగతిని పురోహితులు సంకల్పము చెప్పించు వేళనే, పక్కనున్న వారి భర్తలకును అత్తలకును గూడ వినబడునట్లు, గట్టిగా చెప్పవలెను.