ప్రస్రవణగిరిపై నాలుగు నెలలు

వాలి వధ జరిగినది. సుగ్రీవునకు పట్టాభిషేకమైనది. సీతాన్వేషణకు ఇక తడవేల? అయినను శ్రీరామచంద్రుడు వానకాలపు 4 నెలలు ప్రస్రవణగిరి గుహలోనే నిలిచెను. లంకలో సీతమ్మ చెరయందుండగా ఇచ్చట స్వామి మేఘములను చూచుచు శోకించెను, లక్ష్మణుడు ఓదార్చెను. వాల్మీకి మహర్షి ఆ శోకమును దాచలేదు. దారులు జలమయమైన వేళ దండయాత్ర సాగదని రామునకు తెలియును. తెలిసినను దుఃఖము దుఃఖమే.

క్యాన్సరునకు కీమోథెరపీ చేయించుకొనువారి యిండ్లలో ఇట్టి దినములు వచ్చుచుండును. 3 వారములు లెక్కపెట్టుకొని, సంచి సర్దుకొని ఆసుపత్రికి పోగా, రక్తపరీక్ష చూచిన వైద్యుడు "కణములు తగ్గినవి, వచ్చే వారము రండి" అనును. రోగి గుండెలో రాయి పడినట్లగును. వ్యాధి పెరుగునేమో, స్వామి చేయి విడిచెనేమో యని నిద్ర పట్టదు. చుట్టములలో ఒకరిద్దరు పూర్వకర్మ ప్రస్తావన తెత్తురు. రోగి యెదుట ఆ మాట యనుట క్రౌర్యము.

ఆ మందు వేగముగా పెరుగు కణములనెల్ల కొట్టును. ఎముకల మూలుగలో రక్తకణములు పుట్టుటయు వేగముగానే. కావున మందు ఎక్కిన 7 మొదలు 14 దినములలో తెల్లకణములు మిక్కిలి తగ్గి, పిదప మెల్లగా పుంజుకొనును. వానిలో న్యూట్రోఫిల్లులు మైక్రోలీటరునకు 1500కు, కొన్ని చికిత్సలలో 1000కి లోబడినచో వైద్యులు సాధారణముగా ఆగుదురు. ఆగక మరల ఎక్కించినచో సామాన్యమైన సూక్ష్మక్రిమియే ప్రాణము మీదికి తెచ్చును. ఎన్ని దినములు ఆగవచ్చునో, మోతాదు తగ్గింతురో, మూలుగను ప్రేరేపించు సూది వేయుదురో రోగి వైద్యుని అడిగి తెలిసికొనవలెను. అడుగుట అవిశ్వాసము కాదు.

ఈ నడుమ జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటు చేరినచో అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. ఇంట మాత్ర వేసికొని తెల్లవారుదాక చూడరాదు. క్షేత్రములలో క్యూలైన్ల రద్దీకి దూరముగా నుండి, ఇంటి పూజామందిరమందే స్వామిని సేవింపవచ్చును. ఏకాదశీ ఉపవాసమున రోగులకు సడలింపు పెద్దలు ఇచ్చినదే. ఆ దినమున వేడివేడిగా వండిన అన్నము తినుటయే వారికి నియమము. తలనీలాల మొక్కును గూడ ఆపవలెను. ప్లేట్‌లెట్లు తగ్గినవారికి కత్తి గాటు ప్రమాదము. వడ్డికాసులవాడని పేరున్నను ఈ ఆలస్యమునకు స్వామి వడ్డి యడుగడు.

వానలు వెలిసి శరత్తు వచ్చినపుడు సుగ్రీవుడు మాట మరచి భోగములలో నుండెను. లక్ష్మణుడు కిష్కింధకు పోయి గట్టిగా అడుగవలసి వచ్చెను. రోగి యింటిలోను అట్టివారొకరుండి, తదుపరి రక్తపరీక్ష దినమును గోడ క్యాలెండరుపై వ్రాసి, ఆ ఉదయము తోడుగా ఆసుపత్రికి వెళ్లవలెను.