వెలుతురు ఎవరి పక్షం?

శ్రామికుని చదువుకు మంచి భవనం కావాలా? కావాలనే అంటాను. బెర్లిన్ దాపున బెర్నావులో జర్మన్ కార్మికసంఘాల సమాఖ్య 1930 నాటికి కట్టించిన శిక్షణాలయాన్ని చూడండి. దాని శిల్పులు హాన్నెస్ మేయర్, హాన్స్ విట్వర్. 120 మంది విద్యార్థులు పదేసిమంది జట్లుగా, గదికిద్దరు చొప్పున ఉండేవారు. గాజు నడవలోంచి చెట్లు కనిపించేవి. కలిసి బతకడమే అక్కడ తొలిపాఠం.

1933లో నాజీలు దానిని కాజేసి తమవారి శిక్షణకు వాడుకున్నారు. అదే నడవ, అదే వెలుతురు!

అంతమాత్రాన వెలుతురు అనవసరమనరాదు. శ్రామికుణ్ణి చీకటికొట్టంలో కూర్చోబెట్టి చదువు చెప్పడం అతన్ని అవమానించడమే. కాని కిటికీల కొలతలు చూసుకునేవారు, ఆ గదిలో ప్రశ్నించే హక్కు ఎవరికుందో కూడా చూడాలి. చదువుకు గోడలు తోడ్పడతాయి; దాని పక్షాన్ని నిర్ణయించేది మనుషులే.